మనోభావాలు దెబ్బతిన్నాయంటే: కించపరిచే మాట, పైచేయి, వాక్ స్వాతంత్ర్యం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై ఏళ్లుగా పత్రిక డెస్కులో కూర్చుని ఇతరుల వాక్యాలు దిద్దడం నా పని. కొత్తగా చేరిన పిల్లలకు అప్పుడప్పుడు పాఠాలు కూడా చెబుతుంటాను. వాళ్లు అడిగేవి, బంధువులు పెళ్లిళ్లలో పట్టుకుని అడిగేవి, ఫోన్ చేసి తిట్టేవాళ్లు అడిగేవి చాలావరకు ఇవే ప్రశ్నలు. కొన్నింటికి నా దగ్గర గట్టి జవాబుంది. కొన్నింటికి అభిప్రాయం మాత్రమే ఉంది.

తిట్టుకీ కించపరిచే మాటకీ తేడా ఏమిటి? రెండూ నొప్పించేవే కదా?

నొప్పి రెండింటిలోనూ ఉంది. నన్ను ఎవరైనా "బద్ధకిష్టి వెధవా" అంటే అది నేను చేసిన, లేదా చేయని, పని గురించి. రేపు పొద్దున్నే లేచి పని పూర్తిచేస్తే ఆ తిట్టు నా మీద నిలవదు. పుట్టుకని పట్టుకుని అన్న మాట అలా కాదు. దానికి నేనేం చేసినా బయటపడే దారి లేదు. పైగా తిట్టింది ఒక్కణ్నే అయినా అది నా వాడ మొత్తానికీ, ఇంకా పుట్టని నా మనవలకీ తగులుతుంది.

డెస్కులో నేను పెట్టుకున్న గుర్తు ఇదే: మనిషి చేసినదాన్ని అంటున్నామా, పుట్టినదాన్ని అంటున్నామా? మంత్రిని అసమర్థుడనొచ్చు, అవినీతిపరుడని ఆధారాలతో రాయొచ్చు. "ఆ కులపోడికి ఇంతకంటే ఏం చేతనవుతుంది" అనకూడదు. మొదటిది ఎంత ఘాటుగా ఉన్నా విమర్శే, రెండోది ఎంత మెత్తగా అన్నా విమర్శ కాదు.

నాకు ఆ ఉద్దేశం లేనప్పుడు తప్పెలా అవుతుంది?

దీనికి నా సంగతే చెబుతాను. ఒకసారి ఓ నాయకుడి ప్రసంగం మీద వ్యాఖ్య రాస్తూ "ఈ పిచ్చకుంట్ల మాటలు ఇంకెన్నాళ్లు" అని రాసేశాను. మర్నాడు పదకొండింటికి డెస్కు ఫోన్ మోగింది. పెద్దాయన గొంతు.

"అయ్యా, నమస్కారం. ఎడిటరుగారాండీ?"

"కాదండీ, సబ్ ఎడిటర్ని. చెప్పండి."

"ఇవాళ పేపర్లో పిచ్చకుంట్ల అని వేశారు. అంటే ఏంటో తమకి తెలుసునాండీ?"

"పిచ్చి మాటలని కదండీ..."

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత అన్నాడు: "అది మా కులం పేరయ్యా. మా నాయన ఊరూరా తిరిగి రెడ్లకీ కాపులకీ వాళ్ల వంశం, గోత్రం తాత ముత్తాతల దగ్గర్నుంచి ఒప్పజెప్పేవోడు. చేతిలో కాయితం ఉండేది కాదు. ఇంకోళ్ల పేర్లన్నీ మోసినోళ్లం, మా పేరేమో ఇట్టా అయింది."

తీసేయమని గానీ, క్షమాపణ వేయమని గానీ అనలేదు. "తమకి తెలవాలని చేశాను" అని ఫోన్ పెట్టేశాడు.

చిన్నప్పట్నుంచి ఆ మాట మా ఇంట్లో వినీ వినీ, "పిచ్చి"కి అదొక సాగదీత అనుకున్నాను. ప్రభుత్వం వెనుకబడిన తరగతుల జాబితాలో ఆ కులానికి వంశరాజ్ అనే పేరు పెట్టిన సంగతి ఆ రోజు దాకా నాకు తెలియదు. దొమ్మరి అనే మాటకీ ఇదే గతి పట్టింది. గడ మీద ప్రాణాలొడ్డి ఆడే వాళ్ల పేరు, అల్లరి పిల్లల్ని కసిరే మాటగా మిగిలింది.

నా ఉద్దేశం మంచిదే. నేను తిట్టింది నాయకుణ్ని. కోర్టుకైతే ఆ ఉద్దేశం కావాలి. అవతల ఫోన్ పట్టుకున్న పెద్దాయనకి దాంతో పనేముంది?

ఊరి పేరు కూడా తిట్టవుతుందా?

అయింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఉంది. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. పుట్టుకతోనే దొంగలని ముద్రవేసి, ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ సెటిల్‌మెంటులో పెట్టి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికిచ్చారు. ఊరికి పేరు కూడా హెరాల్డ్ స్టువర్ట్ అనే తెల్ల అధికారిదే. హాజరు వేయించుకోకుండా ఊరు దాటితే నేరం. 1952లో చట్టం పోయింది. అయినా ఇప్పటికీ జేబు కొట్టేసినవాణ్ని సరదాగా "స్టువర్టుపురం బ్యాచ్" అంటాం. ఆ ఊరినుంచి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే కుర్రాడు చిరునామా గడి నింపేటప్పుడు పెన్ను ఒక్క క్షణం ఆగితే, ఆపింది మన సరదాయే.

"ప్రివిలేజ్" అంటారు, అంటే పుట్టుకతో వచ్చే పైచేయి. నేను కష్టపడి చదివి పైకొచ్చాను. నాకేం ప్రివిలేజ్ ఉంది?

ఈ మాట వినగానే చాలామందికి కోపం వస్తుంది. "నువ్వు కష్టపడలేదు" అని తోస్తుంది కాబట్టి. దాని అర్థం అది కాదు. ఇంగ్లిషు మాట పక్కనపెట్టి తెలుగు క్రియాపదాల దగ్గరకి రండి, అక్కడ బాగా కనబడుతుంది.

మా అమ్మమ్మగారి ఊళ్లో నాకు పదేళ్లప్పుడు అరవై ఏళ్ల పాలేరు ఉండేవాడు. నేను "ఏరా సుబ్బా, గడ్డి వేశావా?" అనేవాణ్ని. ఆయన "వేశానండి చిన్నబాబుగారూ" అనేవాడు. ఇందులో ఒక్క తిట్టు లేదు, ఏ చట్టం కిందా కేసు పెట్టేందుకు ఏమీ లేదు. డెస్కులో అయితే నా ఎర్ర పెన్ను ఆ రెండు వాక్యాల మీదుగా ఆగకుండా వెళ్లిపోతుంది. కానీ ఊరంతా ఆ రెండు వాక్యాల్లో ఉంది. ఎవరు "రా" అనొచ్చు, ఎవరు "అండి" చేర్చకపోతే దెబ్బలు తినాలి అన్నది బడికి పోకముందే మాకిద్దరికీ వచ్చు. ఎల్లయ్యని ఎల్లిగాడనీ, మరొకర్ని పుట్టినప్పట్నుంచి గారు చేర్చీ పిలిచే భాష మనది. పత్రికలు సైతం చాలాకాలం నేరం చేసిన పెద్దమనిషిని "ఆయన" అనీ, నేరానికి గురైన కూలీని "అతడు" అనీ రాశాయి. ఇప్పటికీ పాత అలవాటు ఎక్కడో తొంగిచూస్తుంది, నేను పట్టుకుంటూనే ఉంటాను.

ఊరు వదిలి హైదరాబాదు వస్తే? ఇల్లు అద్దెకి అడిగినప్పుడు ఓనరు కాఫీ ఇచ్చి "ఇంతకీ మీరేమిట్లు?" అంటాడు. ఆ ప్రశ్న విన్నప్పుడు నాకు గొంతు తడారలేదు, ఇంటిపేరు చెప్పి అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. నా సహోద్యోగికి మాత్రం అదే వీధిలో మూడిళ్లు "మొన్ననే ఇచ్చేశామండీ" అయ్యాయి. నేను కష్టపడ్డమాట నిజం, ఆ మూడిళ్లూ తిరగకపోవడమూ నిజం.

అయితే పై కులాలవాళ్లని ఎవరేమన్నా పర్వాలేదా?

లేదు. కాకపోతే రెండు దెబ్బలూ సమానమన్నట్టు మాట్లాడితే మాత్రం ఒప్పుకోను.

2017లో రచయిత కంచ ఐలయ్య ఇంగ్లిషు పుస్తకంలోని ఒక అధ్యాయం తెలుగులో విడిగా వచ్చినప్పుడు జరిగిన గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. కోమట్లను సామాజిక స్మగ్లర్లన్న శీర్షిక అది. ఆర్యవైశ్య సంఘాలు రోడ్డెక్కాయి, పరకాలలో ఆయన కారు మీద దాడి జరిగింది, ఒక ఎంపీ ఏకంగా ఉరి తీయాలన్నాడు. పుస్తకాన్ని నిషేధించమని వేసిన పిటిషన్‌ని ఆ అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

నా మటుకు నాకు ఆ శీర్షిక నచ్చలేదు. వ్యాపారం చేతిలో ఉన్న కులం మీద ఆర్థిక విమర్శ రాయొచ్చు, రాయాలి కూడా. కానీ కిళ్లీకొట్టు నడుపుకునే కోమటాయన్ని కూడా ఆ మాట స్మగ్లర్ని చేస్తుంది. నా డెస్కుకి వస్తే శీర్షిక మార్చమని అడిగేవాణ్ని. ఆయన మార్చననేవాడు, వాదన జరిగేది. అక్కడ అయిపోవాల్సిన గొడవ అది. నచ్చని శీర్షిక రాసినందుకు ఉరి అన్నవాడి మీద ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదెందుకో!

చట్టం ఏమంటుంది? మనోభావాలు దెబ్బతింటే కేసు పెట్టొచ్చా?

రాజ్యాంగం 19(1)(ఎ) వాక్ స్వాతంత్ర్యం ఇస్తుంది. 19(2) దానికి హద్దులు చెబుతుంది: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, భద్రత, ఇతర దేశాలతో స్నేహం, శాంతిభద్రతలు, సభ్యత, నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి ఉసిగొల్పడం. ఇంతే. "ఒకరికి కోపం వచ్చింది" అన్నది ఆ వరుసలో లేదు.

దీన్ని బాగా తేల్చింది 66ఎ కేసు. ఐటీ చట్టంలో 2008లో చేర్చిన ఈ సెక్షన్ ప్రకారం ఆన్‌లైన్‌లో చిరాకు, అసౌకర్యం కలిగించినా మూడేళ్ల దాకా జైలు. 2012లో బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబయి బంద్ ఎందుకని ఫేస్‌బుక్‌లో రాసిన అమ్మాయినీ, దాన్ని లైక్ చేసిన స్నేహితురాలినీ పాల్ఘర్‌లో అరెస్టు చేశారు. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ ధర్మాసనం ఆ సెక్షన్‌ని కొట్టేసింది. (చలమేశ్వర్ మన కృష్ణా జిల్లావాడే.) చర్చించడం, ఒక వాదాన్ని సమర్థించడం, ఉసిగొల్పడం, ఈ మూడూ వేరని, మూడోదాని దగ్గరే రాజ్యం చేయి వేయొచ్చనీ ఆ తీర్పు చెబుతుంది.

తమాషా ఏమిటంటే, కొట్టేసిన సెక్షన్ కింద పోలీసులు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి కేసులు పెడుతూ వచ్చారు. 2021లో ఆ సంగతి విని సుప్రీంకోర్టే నివ్వెరపోయింది.

మత విశ్వాసాలని ఉద్దేశపూర్వకంగా అవమానిస్తే పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లోని 295ఎ, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 299 ఉంది. వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొడితే పాత 153ఎ, ఇప్పుడు 196. ఈ రెంటినీ ఎవరి మీద వాడతారన్నది స్టేషన్‌లో కూర్చున్నవాడి మీద ఆధారపడుతుంది. నా భయమల్లా దాని గురించే.

కులం పేరు పెట్టి తిడితే ఎప్పుడు నేరం?

1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 3(1)(ఆర్), 3(1)(ఎస్) చూడండి. ఎస్సీ లేదా ఎస్టీ కాని వ్యక్తి, ఎస్సీ ఎస్టీ వ్యక్తిని నలుగురికీ కనబడే చోట కావాలని అవమానించినా, కులం పేరుతో దూషించినా ఆరు నెలల నుంచి ఐదేళ్ల శిక్ష.

"నలుగురికీ కనబడే చోట" అన్నదే ఎక్కువగా వాదనకొస్తుంది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అంటే ఈ సెక్షన్ వర్తించదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆన్‌లైన్‌లో పెట్టిన ఇంటర్వ్యూకి వర్తిస్తుందని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. బాధితుడు ఎస్సీ అయినంత మాత్రాన ప్రతి తిట్టూ దీని కిందకి రాదని, అవమానం కులం కారణంగానే జరిగి ఉండాలని 2024లో సుప్రీంకోర్టు మళ్లీ అంది.

మాటకి మాట చెప్పుకోవచ్చు కదా? చట్టం ఎందుకు?

సూత్రంగా నేనూ ఇదే అనేవాణ్ని. మాటకి మందు మాటే అని. కానీ తిరిగి మాట అనడానికి ఎంత ఖర్చవుతుందన్నది అందరికీ ఒకటి కాదు.

1985 జూలై. ప్రకాశం జిల్లా కారంచేడు. మాదిగపల్లె వాళ్లు తాగే చెరువు దగ్గర కమ్మ యువకులు గేదెల్ని కడుగుతున్నారు. ఆ నీళ్లు మేం తాగుతాం అని ఒక దళిత కుర్రాడు అడ్డుచెప్పాడు. కొట్టబోతే, నీళ్లకొచ్చిన ఒకామె బిందె ఎత్తింది. అడిగింది అంతే, ఎత్తింది అంతే. మర్నాడు 17వ తేదీ పొద్దున పల్లె మీద పడ్డారు, ఆరుగురు దళితులు చనిపోయారు. మిగిలినవాళ్లు చీరాల వచ్చి శిబిరంలో తలదాచుకున్నారు. దళిత మహాసభ అక్కడ పుట్టింది. నాలుగేళ్లకి కేంద్రం తెచ్చిన అత్యాచారాల చట్టం వెనక ఈ ఊరి పేరు లేకుండా చరిత్ర చెప్పలేం.

"నువ్వూ తిరిగి అను" అని సలహా ఇచ్చేటప్పుడు ఆ బిందె ఒకసారి గుర్తుకు తెచ్చుకోమంటాను.

మరి పోలీసులకి అప్పజెప్పడమే దారా?

కాదు. 2018 జూలైలో సినీ విమర్శకుడు కత్తి మహేష్ టీవీ చర్చలో రాముడి గురించి అన్న మాటల మీద గొడవైతే, హైదరాబాద్ పోలీసులు ఆయన్ని ఆరు నెలల పాటు నగర బహిష్కరణ చేసి చిత్తూరు జిల్లాకి పంపేశారు. వాడింది సంఘవ్యతిరేక శక్తుల కోసం 1980లో తెచ్చిన చట్టం. రెండు రోజులకే, ఆయనకి వ్యతిరేకంగా పాదయాత్ర తలపెట్టిన స్వామి పరిపూర్ణానందనీ అదే చట్టం కింద పంపేశారు. ఇటొకర్ని అటొకర్ని పంపి చేతులు దులుపుకున్నారు. చర్చ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. గూండాల కోసం రాసుకున్న కాగితం మీద మాట్లాడేవాడి పేరు రాయడం ఒకసారి అలవాటైతే, రేపు ఆ కాగితం మీ పేరుకీ పనికొస్తుంది. మహేష్ మాటలు నచ్చనివాళ్లకీ, పరిపూర్ణానంద మాటలు నచ్చనివాళ్లకీ నేను ఇదే చెప్పాను. ఇద్దరూ తమకి నచ్చిన సగమే విన్నారు.

సినిమాల వరకైతే ఇప్పుడు విడుదల ముందురోజు గొడవ మామూలైపోయింది. 2019 సెప్టెంబరులో "వాల్మీకి" అనే సినిమా పేరు, తాము వాల్మీకి వంశమనుకునే బోయల అభ్యంతరంతో రాత్రికి రాత్రి "గద్దలకొండ గణేష్" అయింది. అంతకంటే చెప్పడానికేం లేదు.

వాళ్లు వాళ్ల కులం పేరు చెప్పుకుంటారు, మేమంటే తప్పంటారు. ఇదేం న్యాయం?

పెళ్లిలో ఇది తప్పకుండా వచ్చే ప్రశ్న. మీ ఆవిడ మిమ్మల్ని ఇంట్లో ఓ ముద్దుపేరుతో పిలుస్తుంది. అదే పేరుతో మీ ఆఫీసు ప్యూన్ నలుగురిలో పిలిస్తే? మాట ఒకటే, పిలిచే హక్కు ఒకటి కాదు.

ఇది మనకి కొత్తేం కాదు. 1917లో బెజవాడలో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచముల సభ పెట్టుకున్నవాళ్లు, "పంచములు" మాకెవరో పెట్టిన పేరు, మేం ఆది ఆంధ్రులం అన్నారు. తర్వాత గాంధీ హరిజనులన్నాడు. ఆప్యాయంగానే అన్నాడు, అయినా అంబేద్కర్ దాన్ని ఒప్పుకోలేదు. పేరు పెట్టేవాడు పైనుంచి పెడుతున్నాడన్నదే అభ్యంతరం. ఇక 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం ఇంకో అడుగు వేసింది. తిట్టుగా వాడే "మాదిగ"ని మంద కృష్ణ తన పేరు చివర, రెడ్డి, చౌదరి ఉండే చోట పెట్టుకున్నాడు. వందలమంది ఆయన వెంట అదే పని చేశారు. వేదిక మీద మైకులో ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు నా పక్క కుర్చీలోని ఆయన ఇబ్బందిగా కదిలాడు. నాకది బాగా గుర్తు. జీవితమంతా ఆ మాటని ఇంకోలా వాడినవాడాయన.

"చెవిటివాడి ముందు శంఖం", "గుడ్డెద్దు చేలో పడ్డట్టు"... సామెతలు కూడా మానేయాలా?

నేను అన్నీ మానలేదు. గుడ్డెద్దు ఎద్దు గురించి, ఉండనిస్తాను. "మూగచెవిటి ప్రభుత్వం" లాంటి శీర్షికలు మాత్రం ఆపేశాను. ప్రభుత్వానికి చెవులు బాగానే వినపడతాయి, వినదల్చుకోకపోవడం దాని తప్పు. ఆ తప్పుని వినపడనివాళ్లకి అంటగట్టడం వాక్యంగా చూసినా తప్పే. కులాల పేర్లున్న సామెతలు పత్రికలో అసలు వేయను. నిఘంటువులో ఉండాలి, ఉంటాయి.

వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 92వ సెక్షన్ బహిరంగంగా కావాలని అవమానిస్తే శిక్ష వేస్తుంది. 2024 జూలైలో సుప్రీంకోర్టు సినిమాల గురించి చెబుతూ, వైకల్యాన్ని చిన్నబుచ్చే హాస్యం వేరు, వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు అంది. మంచి గీత అది. ఇక "దివ్యాంగులు", "విభిన్న ప్రతిభావంతులు" అని ప్రభుత్వాలు పెట్టిన పేర్లు... నాకు తెలిసిన వీల్‌చెయిర్ మిత్రుడు ఒకడు "దివ్యత్వం వద్దు, ర్యాంపు కట్టమను" అంటాడు.

బూతుల సంగతి?

మన బూతుల్లో ముప్పాతిక మగవాణ్ని తిట్టడానికి వాడి తల్లినో పెళ్లాన్నో లాగేవే. గొడవ ఇద్దరు మగాళ్లది, అవమానం అక్కడ లేని ఆడమనిషిది. వేరే వ్యాఖ్య అక్కర్లేదు.

అమెరికాలో ఏమైనా అనొచ్చంటారు కదా?

రాజ్యం వరకు దాదాపు అంతే. 1969లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రాండెన్‌బర్గ్ తీర్పు నుంచి, తక్షణ హింసకి ఉసిగొల్పితే తప్ప ద్వేషపు మాటకీ శిక్ష లేదు. కానీ ఆఫీసులో అంటే ఉద్యోగం పోతుంది. మనవాళ్లు అక్కడికి "మీరేమిట్లు"ని కూడా సూట్‌కేసులో పెట్టుకెళ్లారు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధించింది, అదే ఏడు కాలిఫోర్నియాలో అలాంటి బిల్లుని గవర్నరు వీటో చేశాడు. రెండుసార్లూ మన వాట్సాప్ గ్రూపులు రెండుగా చీలాయి. ఎవరెటు చీలారన్నది ఇంటిపేర్లు చూస్తే ముందే చెప్పొచ్చు.

నోరు జారితే ఏం చేయాలి?

"ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే చింతిస్తున్నాం" అని మాత్రం రాయకండి. ఆ "ఉంటే" ఒక్కటి చాలు, తప్పు మళ్లీ విన్నవాడి మీదకే పోతుంది. ఏ మాట అన్నారో, అది ఎందుకు తప్పో రెండు వాక్యాల్లో చెప్పి ఊరుకోండి. మీ తాతగారి సంస్కరణాభిలాష, మీకున్న దళిత మిత్రుల లెక్క ఎవరికీ అక్కర్లేదు.

ఆ పెద్దాయన ఫోన్ తర్వాత నేనూ సవరణ రాసిచ్చాను. "నిన్నటి వ్యాఖ్యలో వాడిన ఒక మాట వంశరాజ్ కులస్థుల పేరు. దాన్ని తిట్టుగా వాడటం మా తప్పు." వేశారు. వ్యాఖ్య వచ్చింది నాలుగో పేజీలో, పైన. సవరణ వచ్చింది పదకొండో పేజీలో, అడుగున, టెండరు ప్రకటన పక్కన. ఆయన చూశాడో లేదో, మళ్లీ ఫోనైతే రాలేదు.